బూడిదదొర ముఖం

మా అత్తగారు పోయి నెల దాటింది. ఆ సంగతి ఆమె కొడుక్కి ఇంకా తెలియదు, లేదా తెలిసే రాలేదు. ఈ రెండిట్లో ఏది నిజమో తేలక మా ఇల్లు నెలరోజులుగా మూగబోయి ఉంది. ఏడాదిగా అతని ఫోను పలకదు. ఉన్న గది ఖాళీ చేశాడు, ఎక్కడికి వెళ్ళిందీ ఎవరికీ చెప్పలేదు. తెలిసే రాలేదని బంధువుల్లో పెద్దవాళ్ళు తేల్చేశారు. మా ఆవిడ అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. చివరికి గిటార్లు బాగుచేసే అతని పాత స్నేహితుడి కొట్టుకు వెళ్ళాం. ఆ మనిషి చాలాసేపు తీగలు సర్దుతూ కూర్చుని, సొరుగులోంచి మావాడి పాటల బృందం ఆటకు రెండు టిక్కెట్లు తీసి బల్లమీద పెట్టాడు. తను చెప్పకూడదట, మేమే వెళ్ళి చూడాలట. పోయినవారం కథలో మిమ్మల్ని అక్కడ వదిలాను.

ఆ శనివారం సాయంత్రం మా ఆవిడ నా చొక్కా ఇస్త్రీ చేసి మంచం మీద పెట్టింది. మేము వెళ్ళేది జనం నల్లబట్టలు వేసుకుని పుర్రెలు చూడటానికి వచ్చే చోటికి. దానికి ఇస్త్రీ చొక్కా ఎందుకని అడగబోయి ఊరుకున్నాను. ఈ నెలరోజుల్లో ఆమె తనంతట తాను చేసిన పనులు తక్కువ. కూర్చోమంటే కూర్చుంటుంది, తినమంటే తింటుంది. పొద్దున్నే పళ్ళ డాక్టరుగారి ఆసుపత్రి వెనకనున్న చిన్న గదికి వెళ్ళి, ఎవరెవరివో నోళ్ళ అచ్చుల్లో ప్లాస్టరు కలిపి పోసి, కట్టుడు పళ్ళు తయారుచేసి వస్తుంది. చేతులు మాత్రం ఎప్పటిలా పనిచేస్తున్నాయని డాక్టరుగారు నాతో అన్నారు. ఒక్కసారి కూడా ఏడవలేదు. ఏడవమని చెప్పడం ఎలాగో నాకు తెలియదు.

బయల్దేరే ముందు దేవుడి అలమర దగ్గర మామూలు కంటే కాస్త ఎక్కువసేపు నిలబడ్డాను. దెయ్యం వేషాలు వేసేవాళ్ళ దగ్గరికి వెళ్తున్నాను కదా, ఆయనకు చెప్పి వెళ్ళడం మర్యాద అనిపించింది. వెళ్ళొద్దన్నట్టేమీ తోచలేదు. ఆయన నన్ను ఎక్కడికీ వెళ్ళొద్దని ఎప్పుడూ అనలేదు, అదొక చిక్కు.

బస్సులో కిటికీలోంచి బయటికి చూస్తూ మా ఆవిడ అంది, "అమ్మ పోయిందని వాడి మొహం మీద చెప్పేసి వచ్చేద్దాం. నీకు తెలుసా అని ఒక్కటే అడుగుతాను. తెలిసే రాలేదంటే ఇక వాడు నాకు తమ్ముడు కాడు."

సబ్బులు అయిపోయాయి, తెచ్చుకోవాలి అన్న గొంతుతోనే అంది. నేను సరేనన్నాను.

ఆటల పోటీలు జరిగే పెద్ద హాలది. బయట వరుసలో నిలబడ్డ వాళ్ళంతా మా పిల్లలుంటే వాళ్ళ ఈడువాళ్ళు. మొహాలకు బూడిద పూసుకుని కళ్ళచుట్టూ నల్లగా దిద్దుకున్నారు. ఇస్త్రీ చొక్కాతో నేనూ, భుజాన సంచితో ఆవిడా ఆ వరుసలో కరెంటు బిల్లు కట్టడానికి వచ్చి దారి తప్పినవాళ్ళలా ఉన్నాం. తలుపు దగ్గర కాపలా మనిషి సంచిలో చెయ్యిపెట్టి సన్నటి ఇనుప పనిముట్టు ఒకటి బయటికి తీశాడు. మైనం చెక్కే కత్తి, పనిగదిలోంచి సంచిలోనే వచ్చేసింది. ఇదేంటమ్మా అన్నాడు.

"పళ్ళు చెక్కేది."

అతను కత్తి వైపు చూశాడు, మా ఆవిడ పళ్ళ వైపు చూశాడు, దాన్ని ఒక డబ్బాలో పడేసి లోపలికి పొమ్మన్నాడు. మా వెనక కుర్రాళ్ళు మాత్రం ఆమెవైపు అప్పటిదాకా లేని గౌరవంతో చూశారు.

లోపల గోడంతా ఒకే బొమ్మ. బూడిదరంగు ముఖం, మూసిన పెదవులు, కళ్ళ దగ్గర రెండు నల్లటి కంతలు. ఆ బృందంలో పాడేవాడి ముసుగు అది. అతన్ని బూడిదదొర అంటారు. మా ఆవిడ దానిముందు ఆగింది.

"నేను చేసిందే," అంది.

అవును, ఆమె చేసిందే. కొన్నేళ్ళ కిందట మా బావమరిది ఈ బృందంలో పాడటం మొదలుపెట్టినప్పుడు, తన ముఖానికే అచ్చు తీసి ముసుగు చేసిపెట్టమని అక్కను బతిమాలాడు. అత్తగారి వంటింట్లో నేలమీద పడుకోబెట్టి, ముక్కుల్లో రెండు గొట్టాలు పెట్టి, ముఖమంతా పిండి మెత్తింది. అత్తగారు గుమ్మం దగ్గర నిలబడి, బతికున్న మొహానికి ఈ సున్నమేమిటే, ఊపిరాడుతోందో లేదో చూడండి అని ఒకటే గొడవ. మధ్యలో అతనికి నవ్వొచ్చి అచ్చు పాడైపోతే మళ్ళీ మొదలుపెట్టాల్సి వచ్చింది. చిన్నప్పుడు సైకిలు మీంచి పడి ఒకవైపు ఒరిగిన ముక్కుకూడా ఆ ముసుగులో అలాగే దిగింది. అందుకే ఎన్ని వేషాలు వేసినా మా వాణ్ణి మేము పోల్చుకోగలమన్న నమ్మకం మాకుండేది. ఆ ముఖం ఇంకెవరిదీ కాదు కదా.

దీపాలు ఆరిపోయాయి. మొదటి దెబ్బ నాకు చెవుల్లో తగల్లేదు, కడుపులో తగిలింది. నేను దూదిపెట్టుకుని వచ్చినందుకు ఏమీ లాభం లేకపోయింది. వేదిక మీద పొగలోంచి రాబందు ముక్కున్న మనిషి ఒకడు గిటారుతో వచ్చాడు. కొమ్ములున్న ఇంకొకడు డ్రమ్ముల వెనక కూర్చున్నాడు. రెండుపక్కలా మంటలు పైకి లేచినప్పుడల్లా మా మొహాలకు వేడి తగిలింది. ఆ తరవాత బూడిదదొర మెట్లు దిగివచ్చాడు. అతని పాట అరుపూ కాదు, ఏడుపూ కాదు, భూమి కింద పెద్ద బండ ఒకటి జరుగుతున్నట్టుంది. మాటలు ఒక్కటీ నాకు తెలియలేదు. చుట్టూ ఉన్న పిల్లలకు మాత్రం ప్రతి మాటా నోటికి వచ్చు, కళ్ళు మూసుకుని కూడా పాడుతున్నారు. ఇది భక్తి కాదని చెప్పడానికి నా దగ్గర ఏముందా అని ఆలోచించాను. పెద్దగా ఏమీ దొరకలేదు.

మా పక్కన పుర్రె వేషం వేసుకున్న అమ్మాయి ఒకతె నా మోచెయ్యి పట్టుకుని వెనక్కి జరిపింది. "అక్కడ నిలబడకండి అంకుల్, రక్తం పడుతుంది. ఉతికితే పోతుంది గానీ మీది ఇస్త్రీ చొక్కా." ఆంటీకి రబ్బరు బిరడాలు కూడా ఇచ్చింది, చెవుల్లో పెట్టుకోమని. మా ఆవిడ అవి తీసుకుని సంచిలో వేసుకుంది.

ఆమె వేదికవైపు చూస్తూ నిలబడ్డ తీరు నాకు గుర్తుంది. బస్సు కోసం నిలబడ్డ మనిషిలా ఉంది. అంత మోతలో కనురెప్ప కూడా అదరలేదు. ఒక పాట చివర బూడిదదొర తల ఎడమపక్కకు వంచి భుజం ఒకసారి పైకి ఎగరేశాడు. మా బావమరిదికి చిన్నప్పటినుంచీ ఉన్న అలవాటది. అమ్మ కేకలేసినప్పుడల్లా అలాగే చేసేవాడు.

మా ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. పెదవులు చూసి తెలుసుకున్నాను. "వాడే."

నాకూ అనుమానం లేదు.

చివర్లో దొరను చంపుతారు. ప్రతి ఆటలోనూ చంపుతారట, ఆ అమ్మాయే చెప్పింది. ఇద్దరు తలారులు అతన్ని ఈడ్చుకొచ్చి కత్తి దించారు. ముందు వరుసల మీద ఎర్రనీళ్ళు పడ్డాయి, తడిసినవాళ్ళు సంతోషించారు. శవాన్ని పెట్టెలో పెట్టి మూతేశారు. పెట్టె మెల్లగా వేదికలోకి దిగిపోయింది. మోత ఒక్కసారిగా ఆగిపోయి హాలంతా చీకటైంది. ఇప్పుడు అందరం పిలవాలట. పిలిస్తే లేచి వస్తాడు. ఇంతమంది పిల్లలూ ఒక్క గొంతుతో, "దొరా, లే," అని పిలిచారు. ఆగి మళ్ళీ పిలిచారు. అందులో ఆట కొంత ఉంది, ఆట కానిది కూడా కొంత ఉంది. దేవుడి ముందు కూడా నేను అంత గట్టిగా ఎప్పుడూ పిలవలేదు.

మా ఆవిడ నా చెవి దగ్గరికి వంగింది.

"ఆసుపత్రిలో మనం ఇంత గట్టిగా పిలవలేదు," అంది.

నా జవాబు కోసం ఆగకుండా మళ్ళీ వేదికవైపు తిరిగింది. డ్రమ్ము మళ్ళీ మొదలైంది, దీపాల వెలుగులో పెట్టె పైకి వచ్చింది. లిఫ్టులు బాగుచేసే పని నాది, అందుకని చూపు అటే పోయింది. అంత బరువు ఎక్కడా కుదుపు లేకుండా, డ్రమ్ము దెబ్బకు సరిగ్గా అంది వచ్చి ఆగింది. కింద మంచి చెయ్యి ఎవరిదో ఉందనుకున్నాను. దొర మూత తన్ని లేచాడు, హాలు కూలిపోతుందేమో అన్నంత కేక లేచింది.

మా టిక్కెట్ల మీద నీలం గీత ఉంది, దానితో వేదిక వెనక్కి వెళ్ళనిస్తారట. సన్నటి దారి గుండా ఒక గదిలోకి పంపారు. గదినిండా తడి తువ్వాళ్ళు, చెమట, కాలిన బాణసంచా మందు వాసన. బేసినులో ఎర్రనీళ్ళున్నాయి. రాబందు తన ముక్కును నుదుటిమీదికి ఎత్తుకుని బిస్కట్లు తింటున్నాడు. మమ్మల్ని చూసి చేతిలో పొట్లం దాచుకున్నాడు, ఎందుకో పాపం. మూలన ఫ్యాను ముందు బూడిదదొర కూర్చుని ఉన్నాడు. ముసుగు ఇంకా తియ్యలేదు. ఊపిరికి భుజాలు పైకీ కిందికీ కదులుతున్నాయి.

మా ఆవిడ తిన్నగా వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"అమ్మ పోయింది," అంది.

దొర తల ఎత్తి ఆమెవైపు చూశాడు.

"నెల దాటింది. రాత్రి పడుకుని పొద్దున లేవలేదు, ఆసుపత్రికి తీసుకెళ్ళాం గానీ లాభం లేకపోయింది. నీకు తెలుసా?"

దొర కదల్లేదు. చేతులు మోకాళ్ళమీద అలాగే ఉన్నాయి.

"తెలుసో తెలీదో ఒక్క మాట చెప్పు. చెబితే మేం వెళ్ళిపోతాం. బావ కూడా ఏమీ అనరు."

అతను నెమ్మదిగా లేచాడు. చెవుల వెనక రెండు పట్టీలు తీశాడు. ముసుగు ఊడివచ్చింది.

లోపల ఉన్నది మా వాడు కాదు. యాభై దాటిన మనిషి, బట్టతల, బుగ్గలు లోపలికి పోయిన సన్నటి ముఖం. ఆ ముఖానికి పట్టడం కోసం ముసుగు లోపల చుట్టూ స్పాంజి ముక్కలు అతికించి ఉన్నాయి. కొన్ని అతని చెంపలకే అంటుకుని ఉండిపోయాయి. ఆయన వాటిని తియ్యడం కూడా మర్చిపోయి నిలబడ్డాడు.

"నేను కాదమ్మా," అన్నాడు. "నన్ను క్షమించండి. మీరు చెప్పేస్తున్నారు, ఆపడం ఎలాగో తెలియలేదు."

మా ఆవిడ ఆయన చేతిలోని ముసుగు వైపు చూసింది, ఆ ఒరిగిన ముక్కు వైపు. ఆమె ఏడుస్తుందనుకున్నాను. కోపం వస్తుందనైనా అనుకున్నాను. బస్సెక్కాక ఇది మన బస్సు కాదని చెబితే దిగిపోయే మనిషిలా ఒక అడుగు వెనక్కి వేసింది, అంతే. నెలరోజులు మోసుకుతిరిగిన మాట ఎవరో ముక్కూమొహం తెలియనివాడి ముందు ఖర్చయిపోయింది.

రాబందు లేచి తన కుర్చీ తెచ్చి ఆమె వెనక వేశాడు. ఆమె కూర్చోలేదు.

ఆ పెద్దమనిషి పగలు కళ్ళజోళ్ళ కొట్లో పనిచేస్తాడట. కుర్రతనంలో పాడి మానేసినవాడు. ఈ బృందంలో ఒక కట్టుబాటు ఉందని చెప్పాడు. లోపలి మనిషి మారినా వేషం మారకూడదు. రాబందు లోపల ఇప్పుడున్నది మూడోవాడు. వెళ్ళిపోయేవాడు వచ్చేవాడికి తన నడక, తన తీరు అన్నీ నేర్పి మరీ వెళ్ళాలి. చూసేవాళ్ళకు ఎప్పుడూ తెలియకూడదు. మా బావమరిది ఆయనకు నెలల తరబడి నేర్పాడు. గొంతు ఎక్కణ్ణించి తియ్యాలో నేర్పాడు, తల ఎలా వంచాలో, భుజం ఎప్పుడు ఎగరెయ్యాలో కూడా నేర్పాడు. అది తన తల్లి కేకలేసినప్పటి అలవాటని ఆయనకూ తెలుసట.

"ఎందుకు మానేశాడు?" నేనడిగాను.

ఆయన తన చెవి మీద వేలు పెట్టుకున్నాడు. మావాడి చెవుల్లో మొదట ఎప్పుడూ ఈల వేస్తున్నట్టు మోత ఉండేదట. తరవాత ఆ ఈల ఒక్కటే మిగిలి, ఇంకేమీ వినపడకుండా పోయిందట. డాక్టర్లు చెయ్యగలిగింది లేదన్నారు. వాయిద్యాలు ఎక్కడున్నాయో తెలియకుండా పాడటం కుదరదు కదా. కొన్నాళ్ళు ఎలాగో నెట్టుకొచ్చి, ఒకరోజు పాట అయిపోయాక కూడా ఇంకా పాడుతూనే ఉన్నాడట. జనం అది కూడా ఆటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు. ఆ రాత్రే ముసుగు తీసి బల్లమీద పెట్టేశాడు.

మా ఆవిడ అప్పుడు నోరు విప్పింది. "ఇంటికి చెప్పొచ్చుగా."

కళ్ళజోళ్ళ ఆయన ఇబ్బందిగా రాబందు వైపు చూశాడు. రాబందు తల ఊపాడు.

"ఆ మోతకి చెవులు పోతాయిరా అని మీ అమ్మగారు ఎప్పుడూ అంటుండేవారట కదమ్మా. నువ్వన్నట్టే అయిందని ఆవిడకి చెప్పడం నా వల్ల కాదు అన్నాడు. కొడుక్కి పొగరెక్కి ఫోనెత్తట్లేదని తిట్టుకోనివ్వండి, అదే నయం అన్నాడు. ఆవిడ ఫోను చేసినప్పుడల్లా దాన్ని ఎదురుగా పెట్టుకుని, వెలిగి ఆరిపోయేదాకా చూసేవాడు. ఆ తరవాత అది కూడా చూడలేక నంబరు తీయించేశాడు."

అత్తగారు రోజూ సాయంత్రం ఫోను పట్టుకుని కూర్చోవడం నాకు తెలుసు. ఆవిడకు అక్షరాలు నొక్కి కబురు పంపడం రాదు, పిలవడమే వచ్చు. అటు అతనికి చూడటమే మిగిలింది. ఒకరి మీద ఒకరికి ఇంత ప్రేమ పెట్టి, మధ్యలో ఇలాంటి అడ్డం ఎందుకు పెట్టావని దేవుణ్ణి అక్కడే అడిగాను, కోపంగా కాదు, తెలుసుకుందామనే. ఫ్యాను తిరుగుతూనే ఉంది.

"అయితే వాడికి తెలీదు," అంది మా ఆవిడ.

"తెలిసే దారి లేదమ్మా. మాకే ఇప్పుడు మీరు చెప్తే తెలిసింది."

ఆమె అప్పుడు కుర్చీలో కూర్చుంది. అరచేతులవైపు చూసుకుంది. ఇక వాడు తమ్ముడు కాడని అనడానికి ఏమీ మిగల్లేదు. ఇందాకటి మాట మళ్ళీ మొదటినుంచీ చెప్పాలి, అదొక్కటే మిగిలింది.

"ఎక్కడున్నాడు?"

"ఇక్కడే. మమ్మల్ని వదిలి ఎక్కడికీ వెళ్ళలేదు. మీరు చూశారే పెట్టె, దాన్ని దించేదీ ఎత్తేదీ అతనే. ఇనుప స్తంభం మీద అరచెయ్యి ఆనించి ఉంచుతాడు. మా డ్రమ్ములవాడు వేసే దెబ్బ అందులోంచి తెలుస్తుంది. ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పలేదు."

తాను ముందు వెళ్ళి మెల్లగా చెప్పి వస్తాననీ, అతనితో చేతులతో మాట్లాడటం తనకు కాస్త వచ్చనీ అన్నాడు. మా ఆవిడ వద్దంది.

"నేనే చెప్తాను. పెదాలు చూస్తే తెలుస్తుందా వాడికి?"

"ఇంట్లోవాళ్ళవైతే తెలుస్తుందమ్మా. అలవాటైన పెదాలు కదా."

వేదిక కిందికి వెళ్ళే తలుపు పొట్టిది, తల వంచి దూరాలి. లోపల ఇనుప స్తంభాల అడవిలా ఉంది. ఒకే ఒక్క బల్బు వెలుగుతోంది, పొగ ఇంకా పూర్తిగా పోలేదు. పెట్టె ఒక పక్కన మూత తీసి ఉంది. దానికి అటువైపు ఒక మనిషి మాకు వీపు పెట్టి, తీగను మోచేతికీ బొటనవేలికీ మధ్య చుట్టలు చుడుతున్నాడు. చిక్కిపోయాడు. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్నాడు. అయినా అది మా బావమరిదే, ఈసారి పోల్చుకోవడానికి ముఖంతో పని లేకపోయింది.

నాకు అలవాటుకొద్దీ పిలవబోయి నోరు మూసుకోవలసి వచ్చింది. మా ఆవిడ పెట్టె పక్కనుంచి చుట్టూ తిరిగి వెళ్ళి, బల్బు వెలుగు తన ముఖం మీద పడేచోట నిలబడింది.

అతను తలెత్తాడు. చేతిలో తీగచుట్ట జారి నేలమీద పడింది. ముందు అక్కను చూశాడు, తరవాత నన్ను, నా చొక్కాను. ఎక్కడో దొరికిపోయిన చిన్నపిల్లాడిలా నవ్వబోయాడు. తన చెవివైపు చెయ్యి ఎత్తి, ఇలా అయిందక్కా అన్నట్టు తిప్పాడు. ఆమె తెలుసన్నట్టు తల ఊపింది. ఆ ఒక్క ఊపుకే అతని భుజాల మీంచి ఏదో బరువు దిగినట్టయింది. ఇన్నాళ్ళూ దాచినది బయటపడిపోయింది, ఇక దాచేందుకేమీ లేదు. వచ్చి అక్క రెండు చేతులూ పట్టుకున్నాడు.

ఆ తరవాత మా ఇద్దరినీ దాటి వెనక్కి, మేము దూరి వచ్చిన పొట్టి తలుపు వైపు చూశాడు. ఇంకా ఎవరో తల వంచుకుని లోపలికి వస్తారన్నట్టు చూశాడు.

తన గొంతు తనకు వినపడని మనిషి కదా, ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో తెలియదు. ఆ మాట ఇనుప స్తంభాలన్నిటికీ తగిలింది. పైన సామాన్లు సర్దుతున్నవాళ్ళ అడుగులు కూడా ఆగాయి.

"అమ్మ కూడా వచ్చిందా?"

అని, అక్క పెదాల వైపు చూస్తూ నిలబడ్డాడు.